ఫోను చెప్పిన తుఫాను

పెళ్లయి కళింగపట్నం వచ్చాక చదివే తీరిక లేక, ఫోనులో దాచుకున్న వార్తల్ని పైకి చదివే యాప్ పెట్టుకుని, స్పీకరులో వింటూ వంట చేసేదాన్ని. ఒకరోజు తెల్లవారుజామున అది, "ఈ రాత్రి తుఫాను తీరం దాటుతుంది. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అంది. వీధిలో వెళ్తున్నవాళ్లు విన్నారు. చూస్తుండగానే పడవలన్నీ ఒడ్డెక్కాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఏమీ అర్థంకాకపోయినా నేనూ బియ్యం అటకెక్కించాను.

మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే అనుమానమొచ్చి ఫోను చూశాను. అది కిందటేడు నేను దాచుకున్న వార్త! భయపడుతూనే మావయ్యకి చెప్పాను.

"ఏటమ్మా, ఎల్లిపోయిన తుఫానుకా పడవలు లాగేసినాం?" అని తెల్లబోయాడు.

ఆ రాత్రి గాలైనా వీయలేదు. సంగతి తెలిసి ఊరంతా తిడతారనుకున్నాను. కానీ మర్నాడు వేటకెళ్లేవాళ్లు మా గుమ్మం ముందు ఆగి, "ఒలే కోడలా, ఈయేల నీ ఫోను ఏటంతన్నాది?" అని అడిగారు. నేను ఆకాశం చూసి, ఫోను చూసి, ముందు వార్త తేదీ వెతికాను.