మాల్యాద్రి కణాలు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. హైదరాబాదులో ఒక క్యాన్సర్ పరిశోధనశాలలో నా పని ఫ్లో సైటోమెట్రీ. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ వెలుగు ముందు నుంచి పంపి, వాటికి పట్టించిన రంగును బట్టి ఏది ఏ కణమో తేల్చే పద్ధతి అది.

పక్క ఆసుపత్రి క్యాంటీన్‌లో ఒకరోజు మా యాస వినపడింది. మర్రిపాడు నుంచి వచ్చిన రమణమ్మ, ఆమె భర్త మాల్యాద్రి. ఆయన లారీ డ్రైవరు, బ్లడ్ క్యాన్సర్. మాది ఉదయగిరి అనేసరికి రమణమ్మ నన్ను సొంత మనిషిలా చూసింది. పరీక్షకు తీసిన ఎముక మజ్జలో మిగిలింది పరిశోధనకు ఇవ్వడానికి మాల్యాద్రి తానే ఒప్పుకున్నాడు. వానలు మొదలయ్యేలోపే పోయాడు.

నమూనాల మీద మాకు కోడ్ తప్ప పేరు కనపడదు. కానీ ఆయన మజ్జ తీసిన నెలలో మాకు వచ్చింది ఒక్కటే. ఆ కణాలను రోగనిరోధక శక్తి లేని ఎలుకలకు ఎక్కించారు. కొన్ని వారాలకు ఒక ఎలుక మజ్జ నా దగ్గరికి వచ్చింది. మనిషి కణాలకు ఒక రంగు, ఎలుక కణాలకు ఇంకో రంగు అంటుకునే యాంటీబాడీలు కలిపాను. తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్క. ఎలుక కణాలు ఒక మూల గుంపుగా పడ్డాయి. వాటికి దూరంగా, ఎదుటి మూలలో, చుక్కల చిన్న గుంపు ఒకటి. చచ్చిన కణాలను తీసేసి, ఏమీ ఎక్కించని ఎలుక మజ్జతో పోల్చి మళ్లీ చూశాను. మనిషివే. బతికే ఉన్నాయి.

సెలవుకు ఊరికి వెళ్తుంటే రమణమ్మ నన్ను కలవాలని ఆత్మకూరు బస్టాండుకు వచ్చింది. పిల్లల చదువు, చేను సంగతి చెప్పింది.

“ఆయన ఇచ్చిందేమైంది పాపా? పారేసినారా?”

“లేదక్కా. ఎలుకలో పెట్టినాము. బతికే ఉండాయి.”

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్కడితో ఆపేసి ఉండొచ్చు. ఆపలేకపోయాను.

“అవి ఆయన్ని తీసకపోయిన జబ్బు కణాలక్కా. వాటికి మందు వెతకాలని పెంచతా ఉండాము.”

వాళ్ల ఊరి మీదుగా పోయే బద్వేలు బస్సు వచ్చి, జనాన్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు.

“జబ్బయినా ఆయన ఒంట్లోదే గదా. ఒకసారి చూపిస్తావా?”

హైదరాబాదు తిరిగి వచ్చాక మా సైంటిస్టుకు జరిగింది చెప్పి అడిగాను. ఆయన సరేనన్నారు. రమణమ్మ వచ్చి తెర ముందు కూర్చుంది. ఏవని అడిగితే చూపించాను. ఆ చుక్కల మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

తరువాత ఎన్నో నమూనాలు చూశాను. ఆ మూల గుంపును రిపోర్టులో శాతంగానే రాస్తాను, అదే నా పని. కానీ ‘మనిషి కణాలు’ అని రాసేటప్పుడు, మొదటి మాట దగ్గర ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.