బొగ్గుముక్క వేయని కూరగిన్నె

అన్నయ్య పోయి నెల దాటింది. అప్పటి నుంచి వదిన టీ, రస్కులతోనే కాలం వెళ్లదీస్తోంది. ఈ చలికి వేడివేడిగా పెడితే తింటుందేమోనని ఈ రోజు పెద్దకూర పక్కటెముకలు నాలుగు గంటలు సన్న సెగ మీద ఉడికించాను. అన్నయ్యకు ప్రాణమైన కూర. చీకటి పడే వేళకు గిన్నె పట్టుకుని చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ నడిచాను.

వదిన మూత తీసి చూసింది. "బొగ్గుముక్క ఎయ్యలేదా సుశీలా?"

మాంసం పట్టుకుని చీకట్లో నడిస్తే దయ్యాలు వెంటపడతాయని గిన్నెలో బొగ్గు వేయడం మా ఇళ్లలో అలవాటు.

"ముప్పై ఏండ్లు సైన్సు చెప్పిన వదినా. దయ్యమొస్తే దానికి గూడ పరీక్ష పెడ్త."

"మంచిగైంది. బొగ్గుంటే మీ అన్న నీ ఎంట రాకపోతుండె," అని వదిన తనకొకటి, ఎదురుగా అన్నయ్య కూర్చునే చోట ఒకటి, రెండు కంచాలు పెట్టి వడ్డించింది.

వదిన కడుపునిండా తిన్నది. నేను మంచినీళ్లు తెచ్చేసరికి ఎదుటి కంచంలో తెల్లటి ఎముకలే ఉన్నాయి. అంతసేపు ఉడికితే మాంసం ఎముకను దానంతటదే వదులుతుంది, అది సైన్సే. వదిలిన మాంసం ఎటు పోయిందో నేను అడగలేదు.

బయలుదేరుతుంటే వదిన అంది: "ఆదివారం గూడ తే. జర కారం తగ్గియ్యి, మీ అన్నకు మస్తు మండిందట."

కారం తగ్గిస్తే ఆయన వచ్చాడని ఒప్పుకున్నట్టు. తగ్గించకపోతే వదిన మళ్లీ తినదేమో. మీరైతే ఏం చేస్తారు?