అందరి బియ్యం కలిసిన కూటాలు

హంసలదీవి వెళ్లే రోడ్డు మీద బస్సు కిటికీ తెరిస్తే చాలు, రొయ్యల మేత వాసన గుప్పుమంటుంది. మా క్రైస్తవ కూటాల స్థలం చుట్టూ ఇప్పుడు చెరువులే. మధ్యలో మిగిలింది ఓ రేకుల షెడ్డు, నాలుగు వేపచెట్లు, చేతిపంపు. దాన్నీ చెరువులకి లీజుకిచ్చేద్దామని కమిటీలో మాట పుట్టింది. నా ఒంట్లో ఊపిరుండగా ఇవ్వనివ్వను.

నా చిన్నప్పుడు షెడ్డు కాదు, తాటాకు పందిరి. వేసవి సెలవుల్లో, ఉప్పుగాలికి ఒళ్లంతా జిగటగా అయిపోయే రోజుల్లో, దివిసీమ పల్లెలన్నిటి నుంచీ ఎడ్లబళ్ల మీదా, కాలవగట్ల వెంట నడిచీ, చాపలూ చెంబులూ పాటల పుస్తకాలూ పట్టుకుని, చంకలో పిల్లలతో జనం వచ్చి దిగేవారు. పగలు ప్రసంగాలు, పొద్దువాలితే డోలకుతో పాటలు, మాకు బైబిలు వాక్యాల పోటీలు, అవి ఎగ్గొట్టి ఇసకలో కబడ్డీ. మామిడికాయ పప్పు, ఎండురొయ్యలేసిన వంకాయ కూర వాసనకి ప్రార్థనలో కళ్లు మూతపడేవి కావు.

అన్నం మాత్రం ఏ ఏడూ సరిగ్గా ఉడికేది కాదు. వంట చేసినప్పుడల్లా ఎసట్లో పోసే ముందు గుప్పెడు బియ్యం తీసి, ఏడాదంతా దాచి, ఇంటింటివాళ్లూ కూటాలకి తెచ్చేవారు. సన్నవి, ముతకవి, పాతవి, కొత్తవి, నూకలు, అన్నిటినీ మా పెద్దమ్మ ఒకే గోలెంలో కుమ్మరించేసేది. ఓ ముద్ద గంజి, ఓ ముద్ద పలుకు! వంట చేసే యేసోబు మావయ్య తల బాదుకునేవాడు.

“వేరేవేరేగా వండితే నీ సొమ్మేం పోయిందక్కా?”

“నూకలు తెచ్చినోళ్లకి నూకలే వడ్డిస్తావు. నాకు తెలీదేంటి? నోరుమూసుకుని కలిపి వండు.”

ఓ ఏడు తుఫానుకి పందిరి ఎగిరిపోయింది. ఇళ్లలోకి నీళ్లొచ్చి దాచిన బియ్యమంతా తడిసింది. ఈ ఏడాదికి మానేద్దామన్నారు పెద్దలు. పెద్దమ్మ ఇంతెత్తున లేచింది.

“ఓ ఏడు మానేస్తే పైయేడు అడిగే దిక్కుండదు” అని, నన్ను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. తడిసి ఆరిన బియ్యమే అడిగి తెచ్చింది. ఆ ఏడు ఆరుబయటే కూటాలు. అబ్బ, ఆ అన్నం నోట్లో పెడితే బురద కంపు! ఉమ్మేద్దామనుకున్నాను గానీ పెద్దమ్మ కళ్లురుముతుంటే మింగాను. ఒక్కరూ విస్తరి వదిలి లేవలేదు. ఆవిడంటే నాకు భయమూ, అంతకు మించి ప్రేమా.

పెద్దమ్మ పోయింది. ఎడ్లబళ్లు లేవు, పందిరి లేదు, గుప్పెడు బియ్యం తీసేవాళ్లూ లేరు. అవనిగడ్డ నుంచి కేటరింగు వాళ్లు తెచ్చే అన్నం మల్లెపువ్వులా ఉంటుంది, తినడానికే జనం ఉండరు. మొన్న మీటింగులో సెక్రటరీ గారు, “వచ్చేవాళ్లే లేరు కదమ్మా, ఎవరి కోసమండీ?” అన్నారు. నాకు ఒళ్లు మండింది.

“రాకపోతే పిలుద్దాం, పదండి” అని చెప్పులేసుకున్నాను. ఆయన కుర్చీలోంచి కదల్లేదు. నేనొక్కదాన్నే బయల్దేరాను.

మొదటి ఇంట్లో ఓ చిన్న వయసు కోడలు తలుపు తీసింది. “కూటాలంటే ఏంటండీ?” అంది. అరుగు మీద కూర్చుని మొదట్నుంచీ చెప్పాను.