పామర్రు సెంటర్లో కడుపునొప్పి

పామర్రు సెంటర్లో కారు నెమ్మదించగానే చక్రాల కింద నలిగిన నిమ్మకాయ వాసన వచ్చింది. పసుపు, కుంకుమ, దుమ్ము కలిసిన ఆ పులుపు ముక్కుకు తగిలితే చాలు, నా కడుపుకి మళ్లీ పద్నాలుగేళ్లు వచ్చేస్తాయి.

దివిసీమ అంచున మా ఊరి నుంచి గుడివాడ స్కూలుకి వెళ్లాలంటే అప్పుడు పామర్రులో బస్సు మారాలి. కార్తీకంలో కిటికీల నిండా పండిన వరి వాసన, సెంటర్లో ఉడికించిన వేరుశెనక్కాయల ఆవిరి, చెరుకు రసం బండి గంటలు, బస్సు టాపు మీదికి అరటి గెలలు ఎక్కించే వాళ్ల కేకలు. ఇంత సందడి మధ్య గుడివాడ బస్సు కనబడగానే నాకు కడుపులో మెలిపెట్టేది, ఒక్కోసారి వాంతయ్యేది. కూడలిలో ఎవరో దిష్టి తీసి పారేసిన నిమ్మకాయ తొక్కి ఉంటానని నానమ్మ తేల్చి, తాయెత్తు కట్టి, దీంతోనూ తగ్గకపోతే బడి మాన్పించెయ్యమంది.

నాన్న సభల్లో వాదించే నాస్తికుడు. ఒక ఉదయం నాతో వచ్చి, కూడలిలో పడున్న నిమ్మకాయ తీసి, కడిగి, సోడాలో పిండించుకుని అందరి ముందూ తాగేశాడు. చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. సాయంత్రం నానమ్మ, "వాడికేమవుద్ది, ఉప్పు కూడా వేసుకున్నాడుగా" అంది.

మర్నాడు మళ్లీ నొప్పి. మూఢనమ్మకం ఓడిపోయాక కూడా రావడమేమిటని నాన్నకి నా మీదే కోపం వచ్చింది.

గుడివాడ కాలేజీ లైబ్రరీలో పనిచేసే మా మేనత్త రోజూ నాతోనే వచ్చేది. ఒకరోజు పామర్రులో బస్సు కోసం నిలబడి వేరుశెనక్కాయలు ఒలుస్తూ అడిగింది. "నిమ్మకాయ సంగతి తేలింది. మరి నీకు నొప్పి ఏ రోజు రాదే?"

అలా ఎవరూ అడగలేదు. ఇంగ్లీషు క్లాసు లేని రోజు రాదు. నేను లేచి పాఠం చదివితే క్లాసంతా నవ్వుతుందనీ, మాస్టారూ నవ్వుతారనీ చెప్పేశాను. అత్తయ్య అయ్యో అనలేదు, ధైర్యమూ చెప్పలేదు. ఏం చేద్దామంటావంది. బడి మానేస్తానన్నాను.

"సరే, అదొకటి. ఇంకోటి చెప్పు."

బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు వచ్చేలోగా నాకే తట్టింది: ముందురోజే మాస్టారి దగ్గర ఒక్కదాన్నే పాఠం చదువుకుంటే? ఆ రోజే బడిలో ఆయన్ని అడిగాను. మధ్యాహ్నం రమ్మన్నారు. నవ్వులు వెంటనే ఆగలేదు. నొప్పి మాత్రం ఎప్పుడు పోయిందో తెలియదు. తాయెత్తు ఎక్కడ ఊడిపోయిందో అదీ తెలియదు.

ఇప్పుడు వెనక సీట్లో నా పక్కన మా చెల్లెలి మనవరాలు కడుపు పట్టుకుని ఉంది. దాని తల్లి కారు నడుపుతోంది. బందరులో తీసిన స్కానులో ఏమీ లేదన్నారని, గుడివాడలో ఇంకోటి తీయించడానికి వెళ్తున్నాం. పరీక్ష చేయించడం తప్పని నేననను. కానీ యంత్రాన్ని ఇన్నిసార్లు అడిగినవాళ్లం పిల్లని ఒక్కసారి అడగలేమా? అత్తయ్య లేదు, కాయల బండి లేదు. మమ్మల్ని అంతసేపు ఊరికే నిలబెట్టిన ఆ ఎదురుచూపు కూడా లేదు.

కారు పక్కకి ఆపించాను.

"నీకు నొప్పి ఏ రోజు రాదమ్మా?"

పిల్ల ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసింది. నా వైపు చూసింది, తర్వాత ముందు సీటు వైపు.

"అమ్మమ్మా, అమ్మని కాసేపు దిగమను."