పందికొక్కులు లేపిన కల్లం

గుట్టలు జారతాయో జారవో చూసి చెప్పడం నా ఉద్యోగం. పెళ్లిచూపుల్లో ఈ మాట చెబితే, దానికి జీతం కూడా ఇస్తారా అని అడిగాడు మా మామగారు. ఇస్తారు.

ఒక మార్చిలో వినుకొండ అవతల ఓ గ్రానైట్ క్వారీకి వెళ్లాను. పనికిరాని రాళ్లూ మట్టీ ఏళ్ల తరబడి ఒకేచోట పోయగా పెద్ద గుట్టయింది. దాన్ని మెట్లుమెట్లుగా చదును చేసి వేప, కానుగ మొక్కలు నాటాలని క్వారీవాళ్ల ఆలోచన. గుట్ట నిలకడగా ఉందని నేను సంతకం పెడితే పొక్లెయిన్ కదులుతుంది.

పొద్దుటినుంచీ వాలు కొలుస్తూ, పైన ఎక్కడైనా బీట ఉందేమోనని వంగి వంగి వెతికాను. నడుం పట్టేసింది గానీ బీట దొరకలేదు. కిందికి దిగేసరికి గుట్ట పాదాన కల్లంలో ఒక పెద్దావిడ మిరపకాయలు తిరగేస్తోంది. రెండెకరాల కౌలు పంట మొత్తం అక్కడే ఆరబోసి ఉంది. దానికి కాపలాగా పగలూ రాత్రీ మొగుడూపెళ్లాం అక్కడే, ఒక నులకమంచం వేసుకుని.

ఆవిడ నన్ను గుట్ట గురించి అడగలేదు. కల్లం లేస్తోందని చెప్పింది. కాయలు పోయకముందు మట్టంగా చదును చేసి పేడతో అలికారట, ఇప్పుడు గుట్టవైపు జానెడు ఉబ్బిందట. పందికొక్కులు తవ్వుంటాయమ్మా అన్నాను. పక్కనున్న సూపర్‌వైజరు నవ్వాడు. నేనూ నవ్వాను.

"పందికొక్కులైతే బొక్కుండాలి గదా సారూ?" అంది ఆవిడ.

నాకు బస్సు టైమైంది.

నల్లపాడులో ఇంటికొచ్చి రిపోర్టు మొదలుపెట్టాను. జారే సూచనలు లేవు అని రాసి, అక్కడ ఆగిపోయాను. గుట్ట జారబోయే ముందు దాని పాదం దగ్గర నేల ఉబ్బుతుంది. కాలేజీలో నేను ఫస్టు మార్కు తెచ్చుకున్న పాఠమే అది. నా బుద్ధి గడ్డి తింది. సూపర్‌వైజరుకు ఫోన్ చేసి వాళ్లిద్దరినీ అక్కణ్ణించి లేపమన్నాను. కాసేపటికి అతనే ఫోన్ చేసి, పంట వదిలి రామంటున్నారండీ అన్నాడు.

తెల్లారేసరికి కల్లంలో ఉన్నాను.

"నిన్న పందికొక్కులన్నావుగా?" అంది ఆవిడ.

"తప్పు చెప్పానమ్మా. గుట్ట దిగబోతోంది. ముందు మంచం ఎత్తండి."

ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో తప్పు చెప్పానని ఒప్పుకోవడం అదే మొదలు. తప్పు చెప్పడం మొదలని కాదు.

క్వారీ కూలీలు కూడా చెయ్యేసి, సాయంత్రానికల్లా కాయలన్నీ గోతాలకెత్తారు. మూడోరోజు మధ్యాహ్నం గుట్ట జారింది. కల్లం ఉన్నచోట లారీ అంతేసి బండలు పడ్డాయి. కింద ఎవరూ లేరు.

రిపోర్టు తిరగరాశాను. పాదభాగాన నేల ఉబ్బినట్లు గమనించడమైనది అన్నాను. ఎవరు గమనించారో రాయలేదు.

తర్వాతి వారం ఆ ఊరెళితే ఆవిడ పదిమందిలో నా చెయ్యి పట్టుకుంది. "ఈ బాబు చూసి చెప్పబట్టి బతికాం," అంది. చూసింది నువ్వేనమ్మా అనాలి. నోటిదాకా వచ్చింది. అందరూ నావంకే మర్యాదగా చూస్తున్నారు. ఆవిడ ఒక సంచీడు మిరపకాయలు నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను.