పడమటిగాలిలో నాలుగు పాయింట్ నాలుగు

బోగోలు బస్టాండు సందులో నా జిరాక్సు కొట్టుకీ, సమాధానం అనే అతని కంప్యూటరు కొట్టుకీ మధ్య ఉన్నది ఒకటే గోడ. అతను అటు తుమ్మితే ఇటు నేను చిరంజీవ అనాలి. అందుకని అతని సంగతి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఉన్నామని ఎవరైనా అన్నా నేను ఒప్పుకోను.

సమాధానానికి నలభై ఒకటో ఏడు. చదివింది ఐటీఐ. ఐసు ఫ్యాక్టరీలో మోటార్లు చూశాడు, రొయ్యల చెరువుల మీద పని చేశాడు, కావలిలో సెల్‌ఫోన్లు బాగుచేశాడు. ఏదీ రెండేళ్ళు దాటలేదు. ఎవరూ వెళ్ళగొట్టలేదు, చెయ్యి కుదిరే సమయానికి ఇతనే విసిగి వచ్చేసేవాడు. మూడేళ్ళ కిందట పాత కంప్యూటర్లు రిపేరు చేసే ఈ కొట్టు పెట్టినప్పుడు, దీనికీ ఏడాదికి మించి ఆయుష్షు లేదన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. దాచుకోవడమెందుకు?

ఈ కొట్టులోనే అతనికి ఓవర్‌క్లాకింగ్ పిచ్చి పట్టుకుంది. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. కంప్యూటరుకి గుండెకాయలాంటి ప్రాసెసరు ఎంత వేగంతో నడవాలో కంపెనీవాళ్ళే రాసి పంపుతారు. కొన్ని రకాల్లో ఆ వేగాన్ని మనం పెంచుకోవచ్చు. పెంచితే కరెంటు ఎక్కువ ఇవ్వాలి, కరెంటు ఎక్కువైతే వేడెక్కుతుంది, వేడెక్కితే తెర నీలంగా మారి మొత్తం ఆగిపోతుంది. పెంచడం ఎవరైనా చేస్తారట. పెంచినదాన్ని ఆగకుండా నిలబెట్టడమే విద్య అంటాడు.

ఎవరో మూలన పడేసిన పన్నెండేళ్ళ నాటి కంప్యూటరులో అతనికి అలాంటి ప్రాసెసరు దొరికింది. దాని అసలు వేగం మూడు పాయింట్ నాలుగు గిగాహెర్ట్జ్. ఒక్కో మెట్టూ పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా గంటలకొద్దీ దానిచేత బరువైన లెక్కలు చేయిస్తూ, చర్చి క్యాలెండరు గళ్ళలో వోల్టులు రాసుకునేవాడు. ఒకసారి అతని భార్య ఎవాంజెలిన్ ఆ గడిలో ఒకటి పాయింట్ ముప్పై అయిదు చూసి, చర్చిలో స్త్రీల కూడిక ఒంటిగంటా ముప్పై అయిదుకనుకుని వెళ్ళి, తాళం వేసిన తలుపు చూసి తిరిగొచ్చింది. ఆ రోజు గోడవతల జరిగిన సంభాషణ ఇక్కడ రాయను.

ఎవాంజెలిన్ వాళ్ళన్న హెన్రీ కృష్ణపట్నం పోర్టులో సూపర్‌వైజరు. బావకి అక్కడ క్రేన్ల మెయింటెనెన్సులో ఒక చోటు చూసిపెట్టి, కొట్టు మూసేసి రమ్మని ఏడాదిగా పోరుతున్నాడు. అంతలో నెల్లూరులో ఒక ఇంజినీరింగు కాలేజీవాళ్ళు ఓవర్‌క్లాకింగ్ పోటీ పెడుతున్నారనీ, బయటివాళ్ళూ రావచ్చనీ తెలిసింది. కంపెనీ వేగం మీద ఎవరు ఎక్కువ శాతం పెంచితే వాళ్ళది గెలుపు. అయితే ఆ వేగంతో రెండు గంటలు ఆగకుండా నడవాలి. మధ్యలో ఆగితే సున్నా. సమాధానం ఆ పోటీ కాగితం హెన్రీ ముందు పెట్టి, ఇందులో తన మిషను ఆగిపోతే సోమవారం నుంచి నోరెత్తకుండా పోర్టుకొస్తానని మాటిచ్చాడు. గోడవతల నుంచి అది విని నాకు దిగులు పుట్టింది. అతన్ని ఎన్ని అన్నా, ఆ మిషను ముందు కూర్చున్నప్పుడు అతని ముఖంలో ఉండే వెలుగు నేను రోజూ చూస్తున్నవాణ్ణి.

ఏప్రిల్ మొదటివారానికల్లా నాలుగు పాయింట్ ఆరు అందుకున్నాడు. వరసగా అయిదు రోజులు రెండేసి గంటల పరీక్ష నెగ్గింది. సంతోషం పట్టలేక సందులో అందరికీ టీ తాగించాడు.

ఆ టీ తాగినవాళ్ళలో అతని అత్త ఎలిశబెతు కూడా ఉంది. ఆమె ఎండుచేపలమ్ముతుంది. జువ్వలదిన్నె నుంచి వచ్చి, గంప దించి, అల్లుడి కొట్టులో ఫ్యాను కింద కాసేపు నడుము వాలుస్తుంది. కంప్యూటరు గురించి ఆమెకేమీ తెలియదు, గాలి గురించి తెలుసు. ఎండలు ముదిరితే మా తీరంలో పొద్దున పూట పడమటి నుంచి వేడిగాలి కొడుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీద నుంచి తూర్పుగాలి తిరిగితే ఊరికి ప్రాణం లేచొస్తుంది. పొద్దున్నంతా గిరాకీ పనులతో సరిపోయి సమాధానం తన పరీక్షలన్నీ మూడు దాటాకే పెట్టేవాడు, అదీ తూర్పు కిటికీ తెరిచి.

“రోజూ తూరుపుగాలి తిరిగినాకనే దీనికి పరీక్ష పెడతుండావు గదబ్బయా. పడమటిగాలిలో ఒక్కరోజన్నా పెట్టినావా?” అని అడిగింది ఎలిశబెతు.

సమాధానం పోటీ కాగితం తీసి మళ్ళీ చదివాడు. పొద్దున పదకొండింటికి మొదలు, కాలేజీ వర్క్‌షాపు రేకుల షెడ్డులో. మర్నాడు పదకొండింటికి పడమటి తలుపు తెరిచి పరీక్ష పెడితే పంతొమ్మిదో నిమిషంలో తెర నీలమైంది. సముద్రం పక్కన పుట్టి, చేపలు ఆరబెట్టే ఇంటికి అల్లుడై, గాలినే మరిచిపోయాడు మహానుభావుడు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది.

పాత సమాధానమైతే అక్కడే వదిలేసేవాడు. ఈసారి గిరాకీ పనుల్ని సాయంత్రానికి తోసి, రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఆ వేడిగాలిలోనే కూర్చున్నాడు. ప్రాసెసరుకీ ఫ్యానుకీ మధ్య వేడిని లాగే పేస్టు ఎండిపోతే తుడిచి కొత్తది పూశాడు, ఉప్పుగాలికి తుప్పెక్కిన స్క్రూలు మార్చాడు, కరెంటు వెంట్రుకవాసి తగ్గించి చూశాడు. నాలుగు పాయింట్ అయిదు కూడా ఆగిపోయింది. నాలుగు పాయింట్ నాలుగు నిలిచింది. పదిహేను రోజులు ఒక్కసారీ ఆగలేదు.

పోటీ రోజు నేను కొట్టు మూసి మరీ వాళ్ళతో వెళ్ళాను. హెన్రీ కూడా వచ్చాడు. షెడ్డులో పద్నాలుగు మిషన్లు. కుర్రాళ్ళవన్నీ కొత్తవి. కొత్తవాటిని కంపెనీవాళ్ళే అంచుదాకా పెంచి పంపుతారట, వాటిలో పది శాతం పెరగడమే గగనం. అసలు పోటీ ట్రంకురోడ్డులో పెద్ద షాపున్న ముఖేష్‌తో. అతనిదీ ఇలాంటి పాత ప్రాసెసరే. దాన్ని చల్లబరచడానికి నీళ్ళగొట్టాలు చుట్టి నాలుగు పాయింట్ ఏడు అని బోర్డు మీద రాయించాడు.

మార్పులకి చివరి పది నిమిషాలిచ్చారు. సమాధానం బోర్డు వంక చూశాడు. సెట్టింగుల్లోకి వెళ్ళి, అక్కడ పాయింటు లేకుండా రాసే నలభై నాలుగు చెరిపి నలభై ఆరు కొట్టాడు. నా ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచాను.

“ఆయన్నే చూసుకోనీ అన్నా,” అంది ఎవాంజెలిన్ నాతో.

పడమటి గుమ్మంలోంచి వేడిగాలి వచ్చి అందరి ముఖాలకీ కొట్టింది. సమాధానం బోర్డు మీంచి చూపు తిప్పి ఆ గుమ్మం వైపు చూశాడు. తర్వాత ఆరు చెరిపి నాలుగు కొట్టి, కీబోర్డు దూరంగా జరిపి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మొదటి అరగంటలో మూడు మిషన్లు ఆగిపోయాయి. గంట తిరిగేసరికి ఏడు. గంటా ఇరవై నిమిషాలకి ముఖేష్ తెర నీలమై షెడ్డంతా హో అంది. సమాధానం తల తిప్పలేదు. బావ ఓడితే వెంటబెట్టుకు పోదామని వచ్చిన హెన్రీ, చివరి పావుగంటా కర్చీఫు పిండుకుంటూ పెదవులు కదిపి ప్రార్థన చేశాడు. ఏమని చేశావని అడిగితే ఇప్పటికీ చెప్పడు.

ఒంటిగంటకి లెక్క తేలింది. సమాధానానికి ఇరవై తొమ్మిది శాతం, తర్వాతివాడికి పదకొండు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. ముఖేష్ వచ్చి చెయ్యి కలిపి, తన మిషను బోగోలు పంపిస్తాననీ కాస్త చూసిపెట్టమనీ అడిగాడు. హెన్రీ పక్కకి వెళ్ళి పోర్టుకి ఫోను చేసి, ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాడు. నేను మాత్రం సిగ్గు విడిచి ఏడ్చాను.

ఎవాంజెలిన్ తల్లికి ఫోను కలిపింది. “నిలబడినాడమ్మా,” అంది.

జిరాక్సుతో పాటు డీటీపీ కూడా చేసేవాణ్ణి, తప్పు వినపడితే నేను ఊరుకోలేను. కంప్యూటరు గదమ్మా, నిలబడింది అనాలని సరిదిద్దాను.

“నాకు తెలుసులే అశోకన్నా,” అని, ఈసారి షెడ్డంతా వినపడేలా మళ్ళీ చెప్పింది. “నిలబడినాడమ్మా.”