జూరాకాన్ నోట రాని పేరు

చినారా ఆఫీసులో శుక్రవారం భోజనాలయ్యాక రెండు ఫోన్లకి కుస్తీ పెడతారు. ఒకటి ఐఫోన్, ఒకటి ఆండ్రాయిడ్. ఆ వారం తయారుచేసిన యాప్‌ని రెండింట్లోనూ తెరిచి, పక్కపక్కన పెట్టి, ఏది వాడడానికి సుఖంగా ఉందో, ఏది ప్రాణం తీస్తోందో చూస్తారు. ఐఫోన్ తరఫున మక్సత్, ఆండ్రాయిడ్ తరఫున నుర్జాత్. ఇద్దరూ పాతికేళ్ళ లోపువాళ్ళే, ఎవరికి వారు చేసిందే గొప్ప. తీర్పు చెప్పేది మాత్రం ఆ ఆఫీసులో టీ కాచే జూరాకాన్.

నవ్వకండి. ఆవిడ అల్లాటప్పా మనిషి కాదు. నరీన్ కొండల కింద పుట్టి, పంతొమ్మిదో ఏట ఆ పక్క పల్లెకే కోడలై, మొగుడితో బిష్కెక్ వచ్చి, ఇక్కడి కుట్టు ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళు కోట్లు తనిఖీ చేసింది. ఆవిడ చేతిలోంచి వంకర కుట్టు ఒక్కటి బయటికి పోలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక బస్టాండులో మాంసం కూరిన సంసాలు అమ్మింది. లారీ నడిపే మొగుడు కనుమ దారిలో మంచుకి బలైపోతే ఇద్దరాడపిల్లల్ని ఒంటిచేత్తో ఒడ్డెక్కించింది. తొమ్మిదేళ్ళ కిందట ఈ ఆఫీసులో టీ పనికి కుదిరింది. అందరికీ ఆవిడ ‘ఎజే’, అంటే అక్క.

తీర్పుల పని ఎలా అంటుకుందంటారా? ఒకరోజు కప్పులు తియ్యడానికి వచ్చి, మక్సత్ చేతిలో ఫోన్ తొంగి చూసింది.

“అందంగా ఉంది నాయనా. వెనక్కెళ్ళేదెలా?” అని అడిగింది.

“పక్క నుంచి వేలితో ఇలా తోస్తే వెళ్తుంది ఎజే.”

“అలా తొయ్యాలని ఎక్కడ రాశావు?”

“రాయక్కర్లేదు. అందరికీ తెలుసు.”

“నాకు తెలీదుగా. మరి నేను అందరిలో లేనా?”

చినారా ఆ మాట విని కుర్చీ తిప్పి చూసింది. కంపెనీ ఆవిడదే. నలభై రెండేళ్ళ మనిషి, నవ్వు తక్కువ, చూపు ఎక్కువ. ఆ శుక్రవారం నుంచి రెండు ఫోన్లూ జూరాకాన్ ముందు పెట్టడం మొదలైంది. ఆవిడ కూడా మొహమాటపడేది కాదు. ఐఫోన్‌లో అక్షరాలు పలచటి మజ్జిగలా ఉన్నాయని, కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకోవాలని అనేది. ఆండ్రాయిడ్‌లో అడిగిందే అడుగుతుందని, సంబంధం చూడవచ్చినవాళ్ళకి కూడా ఇన్ని అనుమానాలుండవని అనేది. మక్సత్ ఉడుక్కునేవాడు. నుర్జాత్ గోళ్ళు కొరుక్కుంటూ అన్నీ రాసుకునేది. వారం తిరిగేసరికి ఇద్దరూ సరిదిద్దేవాళ్ళు.

ఇక అసలు సంగతి. ఈ వసంతంలో చినారా ఆవిణ్ణి పిలిచి ఒక మాట చెప్పింది. “ఎజే, పల్లెల్లో పెద్దవాళ్ళకి నర్సుని ఇంటికి పంపే యాప్ ఒకటి చేస్తున్నాం. ఈ శుక్రవారం రెండు ఫోన్లలోనూ మొదట్నించి చివరిదాకా నువ్వొక్కదానివే చెయ్యాలి, ఎవరూ సాయం చెయ్యరు. రెండూ పూర్తిచేసి ఏది మేలో చెప్పావనుకో, సోమవారం నుంచి పరీక్షకురాలిగా నీకు కుర్చీ, బల్ల, పేరు రాసిన కాగితం. పూర్తిచెయ్యలేకపోతే మాత్రం నేనేం చెయ్యలేను. డబ్బు పెట్టినవాళ్ళకి నేనూ జవాబు చెప్పాలి.”

ఆ వారమంతా జూరాకాన్‌కి కాలు నేలమీద నిలవలేదు. ఎవరో తనకి పని ఇచ్చారని కాదు, తన కంటికి విలువిచ్చారని. ఫ్యాక్టరీ మూతపడిన రోజున తనిఖీ ముద్ర తిరిగి ఇచ్చేస్తూ ఏడ్చిన మనిషి ఆవిడ. ఇరవై ఏళ్ళుగా ఆ ముద్ర లేని చెయ్యి వెలితిగానే ఉంది.

శుక్రవారం వచ్చింది. ఉదయమే బోర్సోకులనే పిండిముక్కలు వేయించి పళ్ళెంలో పోసింది, చేతులు రెండుసార్లు కడుక్కుంది, కొత్త రుమాలు కట్టుకుంది. ఆవిడ ఫోన్లోని పేర్లన్నీ రెండు ఫోన్లలోకీ ఎక్కించి ఉంచారు. చెయ్యాల్సిన పని ఒక్కటే. నరీన్ దగ్గర పల్లెలో చిన్నకొడుకు ఇంట ఉంటున్న అత్తగారికి, మోకాళ్ళ నొప్పికి నర్సుని కుదిర్చి, ఆ సంగతి ఆవిడకి ఫోన్‌లో చెప్పడం.

ముందు ఆండ్రాయిడ్. తెరమీద మనుషుల బొమ్మలు, ఒక్కోటి రొట్టెముక్కంత. రంగులు మరీ ఎక్కువ. తెల్లరుమాలులో ఉన్న అత్తగారి ముఖం నొక్కింది. ‘నర్సు కావాలా?’ కావాలి. ‘నిజంగా కావాలా?’ కావాలమ్మా తల్లీ. ‘మంగళవారం పది గంటలకి?’ సరే. ఆ తర్వాత ‘మాట్లాడండి’ అని పచ్చగుర్తు వచ్చింది. నొక్కగానే తెరమీద ఎనభై నాలుగేళ్ళ అత్తగారు ప్రత్యక్షం.

“ఎనే, మంగళవారం మీ మోకాళ్ళకి నర్సు వస్తుంది,” అంది జూరాకాన్. ఎనే అంటే అత్తమ్మ.

“రానీ. నీ వెనకాల ఎవరే వాళ్ళంతా? ఆ అబ్బాయి అంత చిక్కిపోయాడేం, తిండి పెట్టట్లేదా నువ్వు?”

“పెడుతున్నాను ఎనే. ఇక ఫోన్ పెట్టేస్తాను, ఇంకోటి చూడాలి.”

“పెట్టెయ్యకు. నేనూ చూస్తాను. ఇక్కడ గోడ తప్ప ఏముంది చూడ్డానికి?”

ఆవిడ మాట ఎవరు కాదంటారు. జూరాకాన్ ఆ ఫోన్‌ని చక్కెరగిన్నెకి ఆనించి నిలబెట్టి, ఐఫోన్ అందుకుంది.

ఐఫోన్ యాప్ నిజంగానే బాగుంది. తెల్లటి తెర, ఒకే ఒక్క ప్రశ్న, ఒకే ఒక్క గుండ్రటి గుర్తు. ఈసారి అక్షరాలు కూడా నల్లగా కనబడుతున్నాయి. గుర్తు నొక్కగానే తియ్యటి ఆడగొంతు అడిగింది. “నర్సు ఎవరికి? చెప్పండి.”

“ఎనేకి,” అంది జూరాకాన్.

“బంధుత్వం కాదు, దయచేసి పేరు చెప్పండి.”

“మా ఎనేకి.”

“దయచేసి పేరు చెప్పండి.”

జూరాకాన్ చక్కెరగిన్నె వైపు చూసింది.

మీకు తెలుసో లేదో, అత్తింటి పెద్దల పేర్లు మా కిర్గిజ్ కోడళ్ళు పలకరు. జూరాకాన్ మామగారి పేరు బల్తాబాయ్. నేను ఆ ఇంటి కోడల్ని కాను కాబట్టి చెప్పగలిగాను. బల్తా అంటే గొడ్డలి కనుక నలభై ఏళ్ళుగా ఆవిడ ఆ మాట కూడా అనలేదు. పొరుగింటికి వెళ్ళి “ఆ కట్టెలు కొరికేదాన్ని ఇలా ఇవ్వండి” అని అడిగేది. అలాంటి మనిషిని అత్తగారి పేరు చెప్పమంటే, అదీ ఆవిడ ఎదురుగా కూర్చుని చూస్తుంటే!

“పేరు చెప్పు ఎజే, అంతే,” అన్నాడు మక్సత్. సాయం చెయ్యకూడదన్న మాట మరిచిపోయి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు ఇంకోసారి గట్టిగా అన్నాడు. “పే-రు.”

“ఈ బంధుత్వం గొడవేంట్రా?” అంది చినారా.

“ఒక్కో ఫోన్‌లో ఆరుగురు ఎజేలు, పదిమంది బావలు ఉంటున్నారు. ఎవరో యాప్‌కెలా తెలుస్తుంది? అందుకే పేరే అడగమన్నాను.”

జూరాకాన్ ఫోన్ బల్లమీద పెట్టేసింది. కారణం చెప్తే ఈ పిల్లలు నవ్వుతారేమో. చెప్పకపోతే, టీ కాచే మనిషికి ఇంతకంటే ఏం తెలుస్తుందనుకుంటారు. చినారా గోడగడియారం వైపు చూసి, కాగితం మీద కలం పెట్టింది.

“ఎజే, ఇక్కడ ఆగిపోతే ‘పూర్తిచెయ్యలేదు’ అని రాయాలి నేను.”

“రాయండి,” అంది జూరాకాన్. గొంతు గట్టిగానే ఉంది, కళ్ళే నిలవలేదు.

అప్పటిదాకా నోరెత్తని నుర్జాత్ అంది. “ఆవిడకి చెయ్యడం రాక కాదు. ఆ పేరు ఆవిడ చెప్పకూడదు. నాకు పెళ్ళై ఆరు నెలలు, నేనైనా చెప్పలేను.” తర్వాత చినారా వైపు తిరిగింది. “మీరు ఎవరి పేరుతో చేసి చూశారు?”

“మా అమ్మ పేరుతో.”

“మీ అత్తగారి పేరుతో చెయ్యండి ఒకసారి.”

చినారా నోరు తెరిచింది. పెద్ద చదువులు చదివిన మనిషి, పరాయి దేశాల్లో సభల్లో మాట్లాడిన మనిషి. తెరిచిన నోరు అలాగే మూసుకుని ఒక బోర్సోకు తీసుకుంది. నుర్జాత్ పకపకా నవ్వింది. మక్సత్ మాత్రం పట్టు వదల్లేదు.

“సరే, ఆచారం ఉంది, ఒప్పుకుంటాను. కానీ పేరు చెప్పాక నా యాప్ బాగా పనిచేస్తుందో లేదో ఎవరూ చూడలేదుగా. చూడకుండా ఓడిపోయానంటే ఎలా?”

“వాడన్నది న్యాయమే,” అంది జూరాకాన్. అందరూ ఆవిడకేసి చూశారు. “సగం చూసిన కోటుకి నేనెప్పుడూ ముద్ర వెయ్యలేదు. ఇప్పుడూ వెయ్యను. కానీ ఆ సగం నావల్ల కాదు. కుర్చీ ఇంకెవరికైనా ఇవ్వండి.”

ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో ఆవిడకే తెలుసు. లేచి కప్పులు తియ్యబోయింది.

“కూర్చో,” అంది చక్కెరగిన్నె దగ్గర ఫోన్‌లోంచి అత్తగారు. “ఏ కుర్చీయే అది?”

జూరాకాన్ చెప్పింది. పని సంగతి, ఫోన్ అడిగిన సంగతి, తను ఆగిపోయిన సంగతి. తలవంచుకునే చెప్పింది.

“నా పేరు కోసం నీ పని పోగొట్టుకుంటావా? నేనేమైనా ఖాన్ కూతుర్నా?” అంది ముసలావిడ. “అను.”

“నా వల్ల కాదు ఎనే.”

“నలభై ఏళ్ళు నేను కూర్చోమంటే కూర్చున్నావు, లెమ్మంటే లేచావు. ఈ ఒక్క మాట వినవా? పెద్దదాన్ని, నేను చెప్తున్నాను. అను.”

జూరాకాన్ రుమాలు సర్దుకుంది. గుండ్రటి గుర్తు నొక్కింది. తియ్యటి గొంతు మళ్ళీ అడిగింది. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, ప్రార్థనలో అన్నట్టు మెల్లగా అంది.

“ఉమ్సునై.”

ఐఫోన్ కాసేపు వెతికింది.

“ఆ పేరుతో మీ జాబితాలో ఎవరూ లేరు.”

మక్సత్ ఫోన్ లాక్కుని జాబితా తెరిచి చూశాడు. ‘ఎనే’ అని ఉంది. దాని కింద ‘పెద్దబావ’, ‘మావైపు ఎజే’, ‘ఓష్ ఊరి ఎజే’. ఒక్క మనిషికీ అసలు పేరు లేదు. బంధుత్వం చెప్తే యాప్ ఒప్పుకోదు, పేరు చెప్తే జాబితాలో దొరకదు. అతను తల పట్టుకుని, అంతలోనే నవ్వేశాడు. “మా అమ్మ ఫోన్లోనూ ఇంతే ఎజే. మా నానమ్మకి నర్సు ఈ జన్మలో రాదు.”

చినారా కాగితం మీద గీత కొట్టేసి కొత్తగా రాస్తూ అంది. “తప్పు దొరికింది. పట్టుకున్నది జూరాకాన్. సోమవారం నుంచి టీ ఎవరిది వాళ్ళే పెట్టుకోండి. ఎజే, కిటికీ పక్క కుర్చీ నీది. వింటున్నావా?”

జూరాకాన్ వినడంలేదు. చక్కెరగిన్నె వైపే చూస్తోంది. తెరమీద ముసలావిడ రుమాలు కొసతో కళ్ళు ఒత్తుకుంటోంది. తప్పు చేశానా అనుకుంది కోడలు.

“ఎవరూ లేరందా అది?” అంది అత్తగారు.

“అలాగే అంది ఎనే. నన్ను క్షమించండి.”

“ఎందుకు లేనూ, ఇక్కడే ఉన్నాగా. మా అమ్మ పోయింది, అక్కలు పోయారు. మీ మామ ఉన్నన్నాళ్ళూ ‘ఎక్కడున్నావే’ అనే పిలిచాడు. పింఛనువాళ్ళకి నా ఇంటిపేరు చాలు. ఆ పేరు విని ఎన్నాళ్ళైందో లెక్కే లేదు నాకు.” ముక్కు చీదుకుంది. “ఇంకోసారి పిలవవే.”

జూరాకాన్ ఐఫోన్‌ని బోర్లా పెట్టింది. రెండో ఫోన్‌ని రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

“ఉమ్సునై,” అని పిలిచింది.

“ఆఁ,” అని పలికింది ముసలావిడ.